బడ్జెట్ అంతా లోతు సముద్రంలోనే పెట్టొద్దు తమ్ముడూ

తీరప్రాంత హెచ్చరికల కోసం జాతీయ సముద్ర పరిశీలన వ్యవస్థకు ప్లాన్ రాస్తున్నానని, ఉన్న డబ్బంతా లోతు సముద్రపు సునామీ బోయాలకే (నీటిపై తేలుతూ సమాచారం పంపే యంత్రాలకే) పెట్టాలా అని అడిగావు. వద్దు. ముందు ఏ ముప్పుకు ఎంత టైమ్ దొరుకుతుందో కాగితం మీద రాసుకో.

4 కిలోమీటర్ల లోతున్న సముద్రంలో సునామీ గంటకు దాదాపు 700 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. దాన్ని పసిగట్టడానికి భూకంపాలను నమోదు చేసే స్టేషన్లు, సముద్రం అడుగున నీటి పీడనం కొలిచే యంత్రాలు కావాలి. 2004 విషాదం తర్వాత, 2007 అక్టోబరు నుంచి మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఈ సునామీ హెచ్చరికల పని చూస్తోంది.

ఉప్పెన సంగతి వేరు. 1977 నవంబరులో దివిసీమను ముంచింది అదే. దాన్ని అంచనా వేయాలంటే తుఫాను గాలులతో పాటు తీరం దగ్గరి లోతు, ఊళ్లలో నేల ఎత్తు కచ్చితంగా తెలియాలి. ఎత్తులో అర మీటరు తేడా వచ్చినా ఏ వీధిని ఖాళీ చేయించాలో తప్పిపోతాం. నీ ప్లాన్‌లో ఈ సర్వేకు ఒక్క రూపాయీ లేదు. నాకు బాధ కలిగించింది అదే.

రేవుల్లో సముద్ర మట్టం కొలిచే టైడ్ గేజీలకు రాడార్ సెన్సర్, పీడన సెన్సర్ రెండూ పెట్టు. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. డేటా శాటిలైట్ ద్వారానే రావాలి. తుఫాను రోజున కరెంటు, సెల్ టవర్లు ముందు పోతాయి.

ఇక మెయింటెనెన్స్. బోయాకు నాచు, గుల్లలు పట్టేస్తాయి. దాని నీడకు చేపలు చేరతాయి, చేపల కోసం పడవలొచ్చి దానికే కట్టేసుకుంటాయి, బోయా లంగరు తాడు తెగుతుంది. బాగుచేయడానికి వెళ్లే ఓడ ఖర్చు, స్పేర్ బోయాలు, మత్స్యకారులతో మాట్లాడే మనిషి జీతం మొదటి ఏడాది లెక్కలోనే వేసెయ్.