వాక్కాయ కంచె

ప్రశ్న: బెంగళూరు శివారులో మాకు చిన్న స్థలం ఉంది. ముళ్లతీగకు బదులు చుట్టూ వాక్కాయ నాటితే కంచెగా నిలుస్తుందా? కాయలు కూడా దక్కుతాయా?

జవాబు: నిలుస్తుంది. మీ ప్రాంతంలో కవళెకాయి అని పిలిచే ఈ పొద జంటగా చీలిన గట్టి ముళ్లతో అల్లుకుపోయి, కొన్నేళ్లలో మేకలు కూడా దూరలేనంత దట్టమవుతుంది. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. విత్తనాలు త్వరగా మొలకశక్తిని కోల్పోతాయి కనుక, పండు నుంచి తీసిన వెంటనే నారు పోసి, మొక్కలను సుమారు మూడడుగుల దూరంలో నాటండి.

అయితే ఒక చిక్కుంది. తెల్లని పూలు కొమ్మల చివర్లలోనే పూస్తాయి కాబట్టి, కంచెను అందం కోసం తరచుగా కత్తిరిస్తే కాపు తగ్గుతుంది. మేమైతే బయటి వైపు మాత్రమే కత్తిరించి, లోపలి వైపు వదిలేయమంటాం. కాయ తుంచగానే కారే తెల్లని పాలు వేళ్లకు జిగురులా అంటుకుంటాయి, ముందే చేతులకు నూనె రాసుకోండి. పుల్లని పచ్చికాయలు పప్పులోకీ, పచ్చడిలోకీ చింతపండు అవసరం లేకుండా సరిపోతాయి. అన్నట్టు, బేకరీ కేకుపై మెరిసే ఎర్రటి ‘చెర్రీ’ చాలాసార్లు పంచదార పాకంలో ఊరిన వాక్కాయే.