వాక్యంలో ఏ ముక్క పట్టుకోవాలి?

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే మారాలన్న కారణాల్ని క్లయింట్ నోటే చెప్పించే కౌన్సెలింగ్ పద్ధతి, నేర్చుకోబోతే "ఇది మన వ్యక్తి కేంద్రిత పద్ధతే కదా, పేరు మార్చారంతే" అనిపించిందన్నావు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

"మానేయాలనే ఉందండీ, కానీ సాయంత్రమైతే తాగకుండా ఉండలేను" అన్నాడు నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చిన ఒకాయన. నేను లివర్ గురించి పెద్ద లెక్చర్ ఇచ్చాను. నేను మానమన్నకొద్దీ ఆయన మానలేకపోవడానికి కారణాలు ఏకరువు పెట్టాడు. మళ్లీ రాలేదు.

వ్యక్తి కేంద్రిత పద్ధతికి ఆద్యుడైన మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ దారిలో అయితే "మానాలనీ ఉంది, మానలేననీ అనిపిస్తోంది, మధ్యలో నలిగిపోతున్నారు" అనేదాన్ని. 1957లో ఆయన చెప్పిన సహానుభూతి, షరతుల్లేని ఆదరణ, నిజాయితీ ఉంటే మనిషి తన దారి తానే వెతుక్కుంటాడని ఆ నమ్మకం. 1983లో విలియం మిల్లర్ మద్యం సమస్య ఉన్నవాళ్లతో చేసిన పని గురించి రాసిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌లోనూ ఈ వినడమే పునాది. కాకపోతే అక్కడ వాక్యంలో మొదటి ముక్క పట్టుకుంటాం. "మానేయాలని ఉంది. ఎందుకలా అనిపిస్తోంది?" అంటాం. కారణాలు క్లయింట్ నోటే రావాలి, మన నోట కాదు.

రోజర్స్ కూడా పూర్తిగా తటస్థంగా ఉండేవారు కాదట! ఆయన సెషన్లను పరిశీలించిన ట్రూయాక్స్ అనే పరిశోధకుడు, కొన్ని రకాల మాటలకు ఆయన ఎక్కువ ఆదరణ చూపేవారని 1966లో రాశారు. కాబట్టి మొగ్గు లేదని మనల్ని మనం మభ్యపెట్టుకోవడంకన్నా, ఎటు మొగ్గుతున్నామో తెలిసి మొగ్గడం మేలని నా ఉద్దేశం.

అలాగని అన్నిచోట్లా మొగ్గకు. విడాకులు తీసుకోవాలా వద్దా అని వచ్చినవాళ్లను ఒక వైపు నడిపించే హక్కు మనకు లేదు. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకు మారాల్సిన అలవాటంటూ ఏదీ ఉండదు, పక్కన కూర్చుని వినాలి. అప్పటికే మానాలని నిశ్చయించుకున్నవాళ్లను ఇంకా "ఎందుకు?" అని తవ్వితే విసుగొస్తుంది, ఎలా మానాలో మాట్లాడు.

ఇక నీ పని. క్లయింట్ అనుమతితో ఒక సెషన్ రికార్డ్ చెయ్యి. నువ్వు అడిగిన ఒక్కో ప్రశ్నకు, వాళ్ల మాటను తిరిగి వినిపించినవి కనీసం రెండున్నాయేమో లెక్కపెట్టు. నా మొదటి రికార్డింగ్‌లో ప్రశ్నలు పద్దెనిమిది, తిరిగి వినిపించినవి మూడు. నీ లెక్క ఎంతొచ్చిందో రాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ