బీఎస్సీ ఎంఎల్‌టీ చదివిస్తే, ఏఐ వచ్చాక ల్యాబ్‌లో ఉద్యోగం ఉంటుందా?

ఇంటర్ బైపీసీ పూర్తిచేసిన మీ అమ్మాయిని బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ)లో చేర్చాలనుకుంటున్నారనీ, మరో ఐదేళ్లలో రక్తపరీక్షలన్నీ కృత్రిమ మేధే చేసేస్తుందని బంధువులు అనడంతో వెనకాడుతున్నారనీ రాశారు. నేను అదే చదువులో డిప్లొమా (డీఎంఎల్‌టీ) చేసి, గుంటూరు జిల్లాలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పని మొదలుపెట్టి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్‌లో హెమటాలజీ (రక్తకణాల పరీక్షల) విభాగం చూస్తున్నాను. ఈ వృత్తిలోకి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. స్లైడ్‌లను ఫొటో తీసి కణాలను వర్గీకరించే ఏఐ పరికరంతో మూడేళ్లుగా రోజూ పనిచేస్తున్నాను కాబట్టి, రక్తకణాల పరీక్షల వరకు కాస్త గట్టిగానే చెప్పగలను. మీ అమ్మాయిని చేర్చండి. అయితే ఆమె చేయబోయే పని నేను చేసినట్టు ఉండదు.

నేను చేరిన రోజుల్లో తెల్లకణాలను న్యూబార్ చాంబర్ అనే గడుల గాజు పలకలో వేసి, మైక్రోస్కోప్ కింద నాలుగు మూలల గడుల్లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాళ్లం. కణాలు సన్నని రంధ్రం గుండా పోయేటప్పుడు విద్యుత్ నిరోధంలో వచ్చే మార్పును బట్టి వాటిని లెక్కించే పద్ధతికి వాలెస్ కూల్టర్ 1953లోనే అమెరికాలో పేటెంట్ పొందినా, ఆ యంత్రం (సెల్ కౌంటర్) మా నర్సింగ్ హోమ్‌కు చేరేసరికి యాభై ఏళ్లు పట్టింది. అది దిగిన రోజు మా సీనియర్ గారు "ఇక మనం మూటాముల్లె సర్దుకోవడమే" అన్నారు. ఆయన రిటైరయ్యేనాటికి అదే ల్యాబ్‌లో ఇద్దరికి బదులు ఐదుగురం ఉన్నాం. లెక్క సులువూ చౌకా కావడంతో, ఏ జ్వరం వచ్చినా డాక్టర్లు సీబీపీ (రక్తకణాల పూర్తి లెక్క) రాయడం మొదలుపెట్టారు. నిజానికి ఏఐ కూడా ల్యాబ్‌లకు నిన్నమొన్న వచ్చినదేమీ కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం తీసే పాప్ స్మియర్‌లను తిరిగి పరిశీలించడానికి న్యూరల్ నెట్‌వర్క్‌తో పనిచేసే పాప్‌నెట్ అనే పరికరానికి 1995లోనే అమెరికాలో అనుమతి లభించింది. ఆ కంపెనీ ఎంతోకాలం నిలవలేదు.

ఇప్పటి పరికరం స్లైడ్‌ను తనంతట తానే జరుపుకుంటూ తెల్లకణాలను ఫొటో తీసి, న్యూట్రోఫిల్స్ ఒకచోట, లింఫోసైట్స్ ఒకచోట పేర్చి తెర మీద చూపిస్తుంది. తప్పు వరుసలో పడినదాన్ని నేను సరైన చోటికి మారుస్తాను. సాధారణమైన స్లైడ్‌లలో అది నాకంటే నిలకడగా పనిచేస్తుందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. ఒకసారి నైట్ డ్యూటీలో, స్లైడ్‌లు చూసి చూసి కళ్లు మండుతున్న వేళ, నేను మామూలు లింఫోసైట్స్‌గా వదిలేసిన మూడు కణాలను అది విడిగా తీసి పెట్టింది. మైక్రోస్కోప్ కింద ఆయిల్ వేసి మళ్లీ చూస్తే వాటి కేంద్రకంలో న్యూక్లియోలై అనే చుక్కలు స్పష్టంగా కనిపించాయి. పాథాలజిస్ట్ మేడమ్ ఉదయం చూసి బ్లాస్ట్ కణాలేనని (రక్తక్యాన్సర్‌లో కనిపించే, పూర్తిగా ఎదగని కణాలు) నిర్ధారించారు. ఆ రోగికి వైద్యం ఆలస్యం కాకపోవడంలో ఘనత యంత్రానిదే.

ఇక రెండో వైపు. డెంగీ రోజుల్లో ఒకాయన తనంతట తాను నడిచి వచ్చి శాంపిల్ ఇచ్చి వెళ్లారు. సెల్ కౌంటర్‌లో ప్లేట్‌లెట్లు 18,000 అని వచ్చింది. స్మియర్‌ను (రక్తాన్ని పలచగా పరిచిన స్లైడ్‌ను) ఏఐ పరికరంలో పెడితే, అది కూడా ప్లేట్‌లెట్లు బాగా తక్కువ అనే చెప్పింది. రెండు యంత్రాలు ఒకే మాట చెప్పాక రిపోర్టు విడుదల చేయడానికి ఎవరికైనా చెయ్యి ముందుకే సాగుతుంది. అయితే ఒంటి మీద మచ్చ గానీ, చిగుళ్ల నుంచి రక్తం గానీ లేవని శాంపిల్ తీసిన అమ్మాయి చెప్పడంతో నాకు అనుమానం వచ్చి, స్లైడ్‌ను మామూలు మైక్రోస్కోప్ కింద పెట్టి, రక్తపు పొర ముగిసే తోక అంచుదాకా జరిపాను. ప్లేట్‌లెట్లన్నీ అక్కడ గుత్తులు గుత్తులుగా పేరుకుని ఉన్నాయి. కొందరి రక్తంలో ఉండే యాంటీబాడీల వల్ల, రక్తం గడ్డకట్టకుండా వాడే ఈడీటీఏ కలిసిన ట్యూబ్‌లో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సెల్ కౌంటర్ ఒక్కో గుత్తిని ఒక పెద్ద కణంగా లెక్కిస్తుంది, లేదా అసలే వదిలేస్తుంది. ఏఐ పరికరమేమో కణాలు పలచగా పరచుకున్న మధ్యభాగాన్నే ఫొటో తీస్తుంది కాబట్టి, తోకలో ఉన్నది దాని కంటపడలేదు. ఆయనను మళ్లీ పిలిపించి, ఈడీటీఏకు బదులు సిట్రేట్ ఉన్న నీలి మూత ట్యూబ్‌లో రక్తం తీసి, అందులోని ద్రవం వల్ల రక్తం పలచబడుతుంది కాబట్టి వచ్చిన సంఖ్యను 1.1తో గుణిస్తే, లక్షా అరవై వేలు దాటింది. ఆ 18,000 రిపోర్టు బయటికి వెళ్లి ఉంటే, అవసరం లేకుండానే ఆయనను చేర్చుకుని ప్లేట్‌లెట్లు ఎక్కించి ఉండేవారేమో.

ల్యాబ్‌లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం శాంపిల్ యంత్రంలోకి వెళ్లకముందే జరుగుతాయి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీయడం, ట్యూబ్ నిండిందని ఈడీటీఏ ట్యూబ్‌లోని రక్తాన్ని బయోకెమిస్ట్రీ ట్యూబ్‌లోకి ఒంపడం వంటివి నేను ఎన్నోసార్లు చూశాను. ఒంపితే ఈడీటీఏలోని పొటాషియం కలిసి రిపోర్టులో పొటాషియం విపరీతంగా పెరుగుతుంది, కాల్షియం పడిపోతుంది. ఈ జంట అంకెలను పట్టుకునేలా సాఫ్ట్‌వేర్‌కు నేర్పవచ్చు, కొన్నిచోట్ల నేర్పారు కూడా. అయినా తిరిగి వార్డుకు వెళ్లి, సిస్టర్‌కు నచ్చజెప్పి, రెండో శాంపిల్ తెచ్చుకోవలసింది మనిషే.

స్లైడ్‌కు వేసే రంగు సంగతీ ఇలాంటిదే. లీష్మన్ స్టెయిన్‌కు 6.8 పీహెచ్ ఉన్న బఫర్ (ఆమ్ల-క్షార స్థాయిని నిలకడగా ఉంచే ద్రావణం) వాడాలి. ఒకరోజు బఫర్ అయిపోయిందని మా హెల్పర్ బోరు నీళ్లు పోశాడు. స్లైడ్‌లన్నీ నీలంగా తేలాయి, ఇసినోఫిల్స్ అనే తెల్లకణాల్లో నారింజ రంగులో మెరవవలసిన గింజలు బూడిద రంగుకు తిరిగాయి. ఆ రోజు పరికరం లెక్కలో ఇసినోఫిల్స్ దాదాపు ఎవరికీ లేవు, పైగా అది ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. ల్యాబ్‌ల నాణ్యతకు ఎన్‌ఏబీఎల్ సంస్థ ఇచ్చే గుర్తింపుకు ఆధారమైన ఐఎస్ఓ 15189 ప్రమాణం, కొత్త పద్ధతి ఏదైనా మన ల్యాబ్‌లో, మన నీళ్లతో, మన స్టెయిన్‌తో సరిచూసుకున్నాకే వాడమనడం ఇందుకే. ఆ సరిచూసే పని ఇప్పుడు మాకు కొత్తగా వచ్చి చేరింది.

ఉద్యోగాల విషయంలో నన్ను కలవరపెట్టేది ఏఐ ఒక్కటే కాదు, దాని అండతో పని అంతా ఒకచోటికి చేరిపోవడం. స్లైడ్ ఫొటో నెట్‌లో వెళ్లగలిగినప్పుడు, చిన్న ఊళ్లోని ల్యాబ్ క్రమంగా శాంపిల్ తీసే కలెక్షన్ సెంటర్‌గా మిగులుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన డయాగ్నస్టిక్స్ పథకంలో శాంపిల్ ఆరోగ్య కేంద్రంలో తీస్తే, పరీక్ష కేంద్ర ల్యాబ్‌లో జరుగుతుంది. రోగులకు ఇది మేలే. టెక్నీషియన్లకు మాత్రం రక్తం తీసేవారు ఒకచోటా, రిపోర్టుపై నిర్ణయం తీసుకునేవారు మరొకచోటా అయిపోతారు. ట్యూబ్ ఎక్కించడం, బటన్ నొక్కడం, ప్రింట్ తీయడం వరకే తెలిసినవారికి జీతం పెరిగే దారి ఇక మూసుకుపోయినట్టే.

కాబట్టి మీ అమ్మాయి రోజువారీ క్యూసీ (నాణ్యత పరిశీలన) చార్ట్ చదవడం, యంత్రం ఇచ్చే ఫ్లాగ్ (హెచ్చరిక గుర్తు) ఎందుకు వచ్చిందో వెతకడం, స్మియర్ చూడటం గట్టిగా నేర్చుకోవాలి. మైక్రోబయాలజీ మీద ఇష్టముంటే ఇంకా మంచిది. కఫాన్ని ఏ డబ్బాలో తీసుకున్నా, అందులో ఉన్నది కఫమా ఉమ్మా అని మొదట చూడవలసింది మన కళ్లే. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనం, బస్సులు చూసి వచ్చేయకండి. మైక్రోస్కోపులు ఎన్ని ఉన్నాయో, ఒక్కోదానికి ఎంతమంది విద్యార్థులో అడగండి. రోజుకు వందల శాంపిల్స్ వచ్చే ఆసుపత్రి ఆ కాలేజీకి అనుబంధంగా ఉందో లేదో కనుక్కోండి. వీలైతే మూడో సంవత్సరం పిల్లల్లో ఒకరిని పక్కకు పిలిచి, సొంతంగా ఎన్ని స్లైడ్‌లు చూశారో అడగండి. వందల్లో చెబితే ఫీజు కట్టండి, పదుల్లో చెబితే మరో కాలేజీ చూడండి.