ఇన్సూరెన్స్ క్వెరీలు తగ్గాలంటే ఇంకో మనిషిని పెట్టుకోవాలా?

మీది యాభై పడకల ఆసుపత్రి, ఇన్సూరెన్స్ డెస్క్‌లో ముగ్గురున్నా క్వెరీలు (క్లెయిమ్ మీద బీమా కంపెనీ అడిగే అదనపు ప్రశ్నలు) ఆగట్లేదు, డిశ్చార్జి రోజు పేషెంట్లు సాయంత్రం దాకా కూర్చుంటున్నారు, నాలుగో మనిషిని తీసుకోవాలా అని అడిగారు. వద్దండీ. క్వెరీలకు జవాబులు రాసే మనిషి జీతం కూడా చివరికి రోగి బిల్లు మీదే పడుతుంది. ఆ క్వెరీ పుట్టేది డెస్క్‌లో కాదు, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ రాసే మొదటి కాగితంలో.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఒకే ఒక్క లైను: జబ్బు ఎప్పటినుంచి? అడ్మిషన్ నోట్‌లో ‘షుగర్ 5 ఏళ్లు’, ప్రీఆథ్ (ముందస్తు అనుమతి) ఫారంలో ‘2 ఏళ్లు’, డిశ్చార్జి సమ్మరీలో ఆ ఊసే లేదు. అప్పుడు టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) వాళ్లు ఫైలు ఆపక ఏం చేస్తారు? ముందునుంచీ ఉన్న జబ్బుకు గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక అన్నాళ్లూ ఆ జబ్బుకు క్లెయిమ్ రాదు. ఆ లెక్కంతా ఈ లైను మీదే. వెంట వచ్చిన బంధువు ‘చానా ఏళ్ల నుంచి’ అన్నారని అలాగే రాసేయొద్దు. పాత మందుల చీటీ అడిగి నెల, సంవత్సరం రాయించండి. చీటీ లేకపోతే, ఎవరు చెప్పారో అది రాయాలి. తప్పు పడితే వైట్‌నర్ ముట్టుకోవద్దు. ఒక్క గీతతో కొట్టేసి పక్కన డాక్టర్ సంతకం, తేదీ, సమయం. దిద్దారన్న అనుమానం వచ్చిందంటే క్వెరీతో పోయేది ఇన్వెస్టిగేషన్ దాకా వెళ్తుంది.

యాక్సిడెంట్ కేసైతే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు నమోదు) కాపీ, దెబ్బ ఎలా తగిలింది, మద్యం తాగి ఉన్నారా లేదా అన్నవి ఖాళీగా వదలకూడదు. స్టెంటు, ప్లేటు, కంటి లెన్సు ఏదైనా దాని స్టిక్కరు ఆపరేషన్ థియేటర్‌లోనే కేస్‌షీటుకు అంటించాలి. మర్నాడు వెతికితే ఖాళీ డబ్బా చెత్తబుట్టలో ఉంటుంది.

ఇక డిశ్చార్జి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ జవాబివ్వాలి, ఫైనల్ అనుమతి 3 గంటల్లో రావాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే, అది కంపెనీయే తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. అయితే ఆ గడియారం మీరు ఫైలు పంపాకే మొదలవుతుంది. రౌండ్స్‌లో 10 గంటలకు ‘ఇంటికి పంపండి’ అన్నాక 2 గంటలకు ఫైలు వెళ్తే, పోయిన ఆ 4 గంటలూ మనవే. అందులో ఎక్కువ భాగం తినేది మందుల వాపసు: వార్డులో మిగిలినవి ఫార్మసీకి చేరి బిల్లులో తగ్గేదాకా ఫైనల్ బిల్లు రాదు. అది ముందురోజు రాత్రే చేయించండి, సమ్మరీ డ్రాఫ్టు కూడా. సగం ఫైలు పంపి మిగతాది తర్వాత జోడించడం అస్సలు వద్దు, జోడించిన ప్రతిసారీ ఆ గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

రూం రెంటు సంగతి అడ్మిషన్‌లోనే చెప్పి సంతకం తీసుకోండి. పాలసీలో రోజుకు 5,000 పరిమితి ఉండి 8,000 గది తీసుకుంటే, దామాషా కోత ఉన్న పాలసీల్లో గదిని బట్టి మారే సర్జన్ ఫీజులాంటివన్నీ 5/8 వంతే వస్తాయి. 80,000కు 50,000 అన్నమాట. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఆ కోత వేయకూడదు. వేస్తే ఊరుకోకుండా రాసి అడగండి, అది రోగి డబ్బు.

ఒక పుస్తకం పెట్టి ప్రతి క్వెరీకి కారణం, ఏ కాగితం, ఏ వార్డు అని రాయించండి. నెలకోసారి దాన్ని డ్యూటీ డాక్టర్ల ముందు పెట్టండి.