కాఫీ కొట్టులో కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందున వాటిని ఒకచోట చేర్చి సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు నేను హైదరాబాద్‌లోని మా ఇంటి నుంచే పని చేస్తున్నాను. మాది రెండు పడకగదుల ఇల్లు. అత్తయ్య, మామయ్య, ఇద్దరు చిన్నపిల్లలు కూడా ఉండటంతో పగటిపూట పని మీద మనసు నిలవడం లేదు. వారానికి రెండు మూడు రోజులు ల్యాప్‌టాప్ తీసుకుని ఏదైనా కెఫేలో కూర్చోవాలనుకుంటున్నాను. నగరంలో ఇందుకు అనువైనవి ఏవి? ఎంచుకునేటప్పుడు ఏమేమి చూసుకోవాలి?
ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: నాలుగు పేర్లు చెప్పి ఊరుకోవడం తేలికే గానీ దానివల్ల మీకు ఒనగూరేది తక్కువ. మంగళవారం ఉదయం ప్రశాంతంగా కనిపించిన కెఫే శనివారం సాయంత్రానికి పెళ్లివిడిదిలా మారిపోతుంది. కాబట్టి ముందుగా మీ పనిని రెండుగా విడదీసుకోండి. కోడ్ రాయడం, నివేదికలు తయారు చేయడం, మెయిళ్లకు జవాబులివ్వడం వంటి మౌనంగా సాగే పనులకు కెఫే బాగానే సరిపోతుంది. ఫోన్ కాల్స్‌కూ వీడియో సమావేశాలకూ అది బొత్తిగా సరిపోదు. కాఫీ గింజలు మరపట్టే యంత్రం చప్పుడు, పక్క బల్ల దగ్గర పుట్టినరోజు పాట, వంటగదిలోంచి వినిపించే పిలుపులు అన్నీ మీ మైకు గుండా అవతలివారికి చేరతాయి. మీ మాటలు కూడా పక్కవారందరికీ వినబడతాయన్నది అంతకంటే పెద్ద చిక్కు. సమావేశాలు తక్కువగా ఉండే రోజులనే కెఫేకు కేటాయించుకోండి, లేదా వాటిని ఉదయంపూట ఇంట్లోనే ముగించుకుని బయలుదేరండి.

ఇక చోట్ల విషయానికి వద్దాం. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 దగ్గర ఉన్న లామకాన్ 2010 నుంచి నడుస్తున్న సాంస్కృతిక వేదిక. పాత బంగ్లా ఆవరణలో, బండరాళ్ల పక్కన, చెట్ల కింద బల్లలు వేసి ఉంటాయి. చాయ్, సమోసా అందుబాటు ధరలకే దొరుకుతాయి. ల్యాప్‌టాప్ తెరిచి గంటల తరబడి కూర్చున్నా అక్కడ ఎవరూ వింతగా చూడరు. అయితే అది చాలావరకు ఆరుబయలు కాబట్టి వేసవి మధ్యాహ్నాలు, వాన రోజులు అక్కడ పనికిరావు. సాయంత్రం నాటకమో సభో ఉంటే చప్పుడు తప్పదు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 14లోని రోస్టరీ కాఫీ హౌస్ కూడా ఒకప్పటి ఇంటినే మార్చి పెట్టినది. గింజలను అక్కడే వేయిస్తారు, కాఫీ విషయంలో మంచి పేరుంది. శని, ఆదివారాల్లో మాత్రం అక్కడ కుర్చీ దొరకడమే కష్టం, పని మాట దేవుడెరుగు.

మీరు నిజాంపేట నుంచి వెళ్లాలంటే జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లవచ్చు. అయినా రానుపోను ప్రయాణానికే పూట గడిచిపోతే ఏకాగ్రత కోసం వెళ్లిన ప్రయోజనం దెబ్బతింటుంది. అందువల్ల బంజారాహిల్స్‌ను నెలకు ఒకటి రెండు సార్ల మార్పు కోసం ఉంచుకుని, రోజువారీ అవసరానికి కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, మియాపూర్ పరిధిలోనే ఒక కెఫేను ఖాయం చేసుకోవడం మంచిదని మా అభిప్రాయం. గొలుసు కెఫేల శాఖలకు రుచిలో ప్రత్యేకత లేకపోవచ్చు గానీ, ఏసీ, శుభ్రమైన మరుగుదొడ్డి, ప్లగ్ పాయింటు దొరికే అవకాశం అక్కడ ఎక్కువ. మహిళలకు మరుగుదొడ్డి సంగతి చిన్న విషయం కాదు. రోజంతా కూర్చునే ముందు దాన్ని ఒకసారి చూసిరావడంలో మొహమాటపడనక్కర్లేదు.

ఇరానీ హోటళ్ల గురించి మీరు అడగలేదు గానీ ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి. ఆబిడ్స్ గ్రాండ్ హోటల్, లక్డీకాపూల్ నీలోఫర్, చార్మినార్ పక్కన నిమ్రా వంటివి ఈ నగరపు ఆస్తి. కానీ వాటి వ్యాపారం సాగేది కుర్చీ త్వరగా ఖాళీ కావడం మీదే. చాయ్, ఉస్మానియా బిస్కట్లు ముగించుకుని లేచేవారి వెనకే మరొకరు చోటు కోసం నిలబడి ఉంటారు. అక్కడ ల్యాప్‌టాప్ తెరవడం ఎవరికీ సౌకర్యం కాదు. పని ముగిశాక వెళ్లండి, చాయ్ మరింత బాగుంటుంది.

ఒక కెఫేను ఖాయం చేసుకునే ముందు పనిదినం రోజున, మీరు పని చేయదలచిన వేళకే వెళ్లి గంటసేపు కూర్చుని చూడండి. ప్లగ్ పాయింటు ఉందా అని మాత్రమే చూస్తే చాలదు. మీ ఛార్జర్ అందులో గట్టిగా నిలుస్తుందో లేదో గుచ్చి చూడాలి. చాలా చోట్ల అరిగిపోయిన సాకెట్లలోంచి బరువైన అడాప్టర్ తనంతట తానే జారి వేలాడుతుంది, బ్యాటరీ హెచ్చరిక వచ్చేదాకా మనకు ఆ సంగతే తెలియదు. కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కూడా అక్కడి సిబ్బందిని అడగండి. జనరేటర్ అందుకుని దీపాలు వెంటనే వెలిగినా, యూపీఎస్ లేని రౌటర్ మళ్లీ మొదలై వైఫై రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధికి ఫోన్ డేటా సిద్ధంగా ఉండాలి. 720పి స్పష్టతతో బృంద వీడియో సమావేశం జరిగితే గంటకు రెండు జీబీల దాకా ఖర్చు కావచ్చు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవారికి అది ఒక్క సమావేశానికైనా చాలకపోవచ్చు. వీడియో ఆపి మాట మాత్రమే ఉంచితే ఖర్చు అందులో చిన్న భాగానికి తగ్గిపోతుంది.

ఖర్చు సంగతి కూడా తేల్చుకోండి. పెద్ద కెఫేలో ఒక కాఫీకి పెట్టే రెండు మూడు వందల రూపాయలలో మీ కుర్చీ అద్దె, ఏసీ, కరెంటు అన్నీ కలిసి ఉన్నాయి. రెండు గంటలకు ఒకసారైనా ఏదో ఒకటి కొనడం, రద్దీ వేళ నలుగురు కూర్చునే బల్లను ఒక్కరే ఆక్రమించకపోవడం మర్యాద. ఆ లెక్కన నెల ఖర్చు మీకు భారమనిపిస్తే, పని చేసుకోవడానికి బల్లలను అద్దెకిచ్చే, సమావేశాలకు విడి గదులుండే కోవర్కింగ్ కేంద్రంలో రోజు పాసు తీసుకోవడమే లాభం. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వంటి చోట్ల నిశ్శబ్దం ఉంటుంది గానీ, అవి పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో ఉదయం నుంచే నిండిపోతాయి. వారి చోటు వారికి వదిలేయడమే న్యాయం.

ప్రశ్న: విశాఖపట్నంలో చిన్న కాఫీ షాపు నడుపుతున్నాను. మొత్తం ఎనిమిది బల్లలు. ఒక్క కాఫీ తీసుకుని ల్యాప్‌టాప్‌తో నాలుగైదు గంటలు కూర్చునేవారు పెరిగారు. పొమ్మనలేను, భరించలేను. బిల్లులో కూర్చున్నందుకు కొంత రుసుము కలపవచ్చా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: బిల్లు చివర ఆ రుసుమును కలపకండి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జీని వాటంతట అవే బిల్లులో చేర్చకూడదు, మరో పేరుతోనూ వసూలు చేయకూడదు. ఆ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. మీ రుసుమును కూడా ఆ కోవలోకే చేర్చి ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీకే తలనొప్పి.

దానికి బదులు ధరల పట్టికలోనే ముందుగా కనబడేలా ఒక ప్యాకేజీ పెట్టండి. ఉదాహరణకు మూడు గంటల పాటు కూర్చునేందుకు వీలుగా రెండు కాఫీలు, ఒక టిఫిను కలిపి ఒకే ధర నిర్ణయించవచ్చు. రాసేముందు మీ ఆడిటర్‌కు ఒకసారి చూపించండి. ఎనిమిది బల్లలలో గోడవారగా ఉన్న రెండింటికి మాత్రమే ప్లగ్ పాయింట్లు ఉంచి, మిగిలిన చోట తీసివేస్తే ఎవరినీ ఏమీ అనకుండానే సగం సమస్య తీరుతుంది. వైఫైని గంటన్నరకు ఒకసారి కొత్త కూపన్‌తో నడిపే ఏర్పాటు కూడా తేలికే. బిల్లుతో పాటే కూపన్ ఇస్తే, ఎక్కువసేపు కూర్చోదలచినవారు తమంతట తామే లేచి వచ్చి మరొకటి కొంటారు.

అయితే పదకొండు గంటల వేళ, మూడు గంటల వేళ మీ బల్లలు ఎలాగూ ఖాళీగా ఉంటాయేమో గమనించండి. ఆ సమయంలో వారు కూర్చోవడం వల్ల మీకు నష్టం లేదు. పైగా కిటికీ దగ్గర ఇద్దరు ముగ్గురు కనిపిస్తే దారిన పోయేవారికి లోపలికి రావాలనిపిస్తుంది. మీ ఆంక్షలు రద్దీ వేళలకు, వారాంతాలకు మాత్రమే పరిమితం చేయండి. ఆ వేళలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బల్ల మీదే రాసి పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఒక బ్యాంకు పని చూసే కంపెనీలో ఉద్యోగి. ఆఫీసు ల్యాప్‌టాప్‌తో కెఫేలలో కూర్చుంటున్నాడు. ఉచిత వైఫై వాడితే సమాచారం దొంగిలిస్తారని విన్నాను. నిజమేనా?
ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీ భయంలో కొంత నిజముంది. నేడు చాలా వెబ్‌సైట్లు, బ్యాంకు యాప్‌లు సమాచారాన్ని సంకేతరూపంలోకి మార్చే పంపుతాయి కాబట్టి, అదే వైఫైలో ఉన్నంత మాత్రాన పక్కవాడు అందులోని విషయాన్ని చదవలేడు. కెఫే పేరునే పెట్టుకుని ఎవరైనా నకిలీ నెట్‌వర్క్ నడపడం, నకిలీ లాగిన్ పేజీ చూపి పాస్‌వర్డ్ అడగడం మాత్రం సాధ్యమే. కాబట్టి నెట్‌వర్క్ పేరును కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. ల్యాప్‌టాప్ నుంచి వెళ్లే సమాచారాన్నంతా సంకేతరూపంలో పంపే వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ ఇచ్చి ఉంటే దాన్ని తప్పనిసరిగా వాడాలి. అనుమానం ఉంటే సొంత ఫోన్ హాట్‌స్పాటే మేలు.

దొంగతనం సాధారణంగా జరిగేది మాత్రం కళ్లతో, చెవులతో. వెనక కుర్చీలోంచి తెర చదవడం, ఫోన్‌లో గట్టిగా చెప్పిన ఖాతా వివరాలు వినడం, మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు తెరిచి ఉంచిన ల్యాప్‌టాప్‌ను ఎత్తుకుపోవడం వీటిలో ముఖ్యమైనవి. గోడకు వీపు ఆనించి కూర్చోమనండి. పక్కనుంచి చూసేవారికి తెర నల్లగా కనిపించే పలుచని ప్రైవసీ ఫిల్టర్ ఒకటి కొనిపెట్టండి. లేచేటప్పుడు ల్యాప్‌టాప్ తెరను లాక్ చేస్తే చాలదు, దాన్ని వెంట తీసుకెళ్లాలి. వీటన్నిటికీ ముందు, బయటి ప్రదేశాలలో పని చేయడానికి కంపెనీ నిబంధనలు అనుమతిస్తున్నాయో లేదో మీ అబ్బాయిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమనండి. ఖాతాదారుల వివరాలతో వ్యవహరించే కొన్ని సంస్థలు దీన్ని పూర్తిగా నిషేధిస్తాయి. అలాంటి చోట ఏ జాగ్రత్త తీసుకున్నా అతని ఉద్యోగానికి రక్షణ ఉండదు.