మావాడు లైనక్స్ ప్యాకేజీలు కడుతున్నాడు... ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పలాస. చిన్న జీడి పరిశ్రమ నడుపుతున్నాం. మా అబ్బాయి విజయనగరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. తోటివాళ్లంతా కోచింగ్‌లకు వెళుతుంటే వీడు రాత్రి రెండింటి దాకా లైనక్స్ ముందు కూర్చుని, ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీ చేస్తున్నానంటాడు. పైసా రాదు. అడిగితే ‘నీకు అర్థం కాదు నాన్నా’ అంటాడు. మానిపించమంటారా?

జవాబు: మానిపించొద్దు. మీకు అర్థం కాదన్నమాట కూడా తప్పే. జీడిపిక్కల బస్తా తెచ్చి గుమ్మంలో దించితే ఎవరు తింటారు? ఉడకబెట్టాలి, కొట్టాలి, ఆరబెట్టి పొట్టు తీయాలి, గుండు, బద్ద వేరుచేసి డబ్బా కట్టాలి. ప్రోగ్రామర్ రాసిన సోర్స్ కోడ్ అంటే పిక్క. కంపైల్ చేసి, అంటే కంప్యూటర్ నడపగలిగేలా మార్చి, సిద్ధంగా పెట్టిన ప్యాకేజీ అంటే డబ్బాలో పప్పు. ఆ మధ్య పనంతా మీవాడు చేస్తున్నాడు.

చిక్కేమిటంటే విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమే అయినా లైనక్స్ అన్నది ఒకటి కాదు, చాలా రకాలున్నాయి. డెబియన్, ఉబుంటులకు డెబ్ ప్యాకేజీ కావాలి. ఫెడోరా, రెడ్ హ్యాట్‌లకు ఆర్‌పీఎం. పోనీ డబ్బా మారిస్తే చాలా అంటే చాలదు. ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడే రెడీమేడ్ కోడ్‌ను లైబ్రరీ అంటారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ ప్యాకేజీ డెబియన్ 12లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 అనే పేరుతో ఉంటుంది, ఫెడోరాలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-లిబ్స్. ఒకచోటి పేరు రాసుకుని రెండోచోటికి వెళ్తే ఆ పేరుగలవాడు ఈ ఊళ్లోనే లేడంటారు.

మీవాడికి పని ఎంత వంటబట్టిందో తెలియాలంటే ఒక్క ప్రశ్న అడగండి. ఉబుంటు 24.04లో కంపైల్ చేసిన ప్రోగ్రాం, 20.04 ఉన్న ల్యాబ్ కంప్యూటర్లో చాలాసార్లు ఎందుకు మొరాయిస్తుంది? దాదాపు ప్రోగ్రాములన్నీ ఆధారపడే జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ మొదటిదాంట్లో 2.39, రెండోదాంట్లో 2.31. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. అందుకే మనం నడిపించాల్సిన వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమ్ మీద కంపైల్ చేస్తారు. ‘డాకర్‌లో (ప్రోగ్రాంను కావాల్సినవాటితో సహా ఒక పెట్టెలో పెట్టి నడిపే సాధనం) పెట్టేస్తే సరి’ అన్నాడనుకోండి, సగం మార్కులే. అది చిక్కును దాటేయడమే, కారణం చెప్పడం కాదు.

ఈ గొడవంతా ఎందుకని కావాల్సిన లైబ్రరీలు వెంట కట్టి పంపే పద్ధతులూ ఉన్నాయి: ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్. అరసవల్లి వెళ్లేవాడు పొయ్యితో సహా బయల్దేరినట్టు. సుఖమే, కానీ అలా వెంట కట్టిన లైబ్రరీలో భద్రతా లోపం బయటపడితే కట్టినవాడే మళ్లీ కట్టాలి. వాడు నిద్రపోతే అంతే సంగతులు.

ఇక ఉద్యోగం. ‘ప్యాకేజర్ కావలెను’ అన్న ప్రకటన క్యాంపస్ డ్రైవ్‌లో కనపడదు. బిల్డ్ ఇంజనీర్, రిలీజ్ ఇంజనీర్, డెవాప్స్ అన్న పేర్లతో వెతకమనండి. రెడ్ హ్యాట్, సూసే లాంటి సంస్థలకు బెంగళూరులో ఆఫీసులున్నాయి. ఫ్రెషర్‌కు అక్కడ చోటు దొరకడం మాత్రం తేలిక కాదు. మరో దారి సప్లై చైన్ సెక్యూరిటీ, అంటే సాఫ్ట్‌వేర్ తయారై మన దాకా చేరే దారిలో దొంగ కోడ్ దూరకుండా కాపలా కాయడం. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దొంగ కోడ్ దొరికింది. దాన్ని నడిపించే ముక్క అందరూ కోడ్ చూసే గిట్‌లో లేదు, విడుదల చేసిన సోర్స్ మూట టార్‌బాల్‌లో ఉంది. డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీ కడుతున్నప్పుడు మాత్రమే లోపలికి దూరేలా రాశారు. దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీర్ అనుమానించి తవ్వితే బయటపడింది. ప్యాకేజీ కట్టే చోట కాపలా ఎందుకు కావాలో ఇంటర్వ్యూలో మీవాడు చెప్పడానికి ఇంతకు మించిన కథ దొరకదు.

నోటిమాట చాలదు, రుజువు కావాలి. డెబియన్‌లో చూసుకునేవాళ్లు లేని ప్యాకేజీల జాబితా ఉంటుంది. అందులో చిన్నదొకటి తీసుకోమనండి. నేరుగా అప్‌లోడ్ చేసే హక్కు మీవాడికి ఉండదు, స్పాన్సర్ ఒకరు చూసి, తప్పులు పట్టి, సరిచేయించి ఎక్కిస్తారు. ఆ తిట్లు తినడమే అసలు చదువు. ఎక్కాక ఆ ప్యాకేజీ మార్పుల చిట్టా ఛేంజ్‌లాగ్‌లో పేరు ఉండిపోతుంది. రెజ్యూమెలో నేనైతే సర్టిఫికెట్ల కంటే ముందు ఆ లింకే చూస్తాను.

కానీ కోచింగ్ మానమని నేను అనలేదు. క్యాంపస్‌లో ముందు వడపోసేది ఆప్టిట్యూడే, దాన్ని తప్పించుకునే దారి లేదు. పొద్దున గంటన్నర దానికి, రాత్రి పదకొండు దాకా దీనికి. రెండింటి దాకా మేలుకోవడం మాత్రం ఆపించండి, ఆ టైంలో కట్టినవి ఎలాగూ పొద్దున్నే విప్పుకోవాల్సి వస్తుంది.

పాత ఉబుంటు మీద పరీక్షించుకోవడానికి ఇంకో ల్యాప్‌టాప్ కావాలంటాడేమో. కొనకండి, ఉన్న కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ చాలు. ర్యామ్ 8 జీబీయే ఉంటే 16కి పెంచి ఇవ్వండి.