ఎండాకాలంలో ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే: ఖమ్మం నుంచి నా అనుభవం

పైఅంతస్తులో అద్దె ఇల్లు, ఒక్క గదిలోనే ఏసీ, సెలవులకు ఇంట్లో ఉన్న పిల్లలు, మధ్యాహ్నం అయ్యేసరికి అందరికీ చిరాకు. ఇలాంటి ఇంట్లో ఉంటున్న ఒకరు నన్ను, పెద్దగా ఖర్చు లేకుండా ఇల్లు కాస్త చల్లగా, నెమ్మదిగా అనిపించాలంటే ఏం చేయాలని అడిగారు. మాది ఖమ్మం. మేమూ నెత్తిన స్లాబు తప్ప ఇంకేమీ లేని పైవాటాలోనే ఉంటాం. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు మాకు కొత్త కాదు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది చెబుతాను: మధ్యాహ్నం ఇల్లు ఎలా ఉంటుందో పొద్దున తొమ్మిదికల్లా తేలిపోతుంది.

తెల్లవారుజామున ఐదింటికి లేచి అన్ని కిటికీలూ, బాల్కనీ తలుపూ బార్లా తెరుస్తాను. రోజు మొత్తంలో చల్లగాలి దొరికేది ఆ మూడు నాలుగు గంటలే. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్యలో మళ్లీ అన్నీ మూసేస్తాను. బయటి గాలి లోపలి గాలికంటే వేడెక్కాక కిటికీ తెరిచి ఉంచితే గాలి వస్తున్నట్టే ఉంటుంది గానీ వచ్చేది వడగాలి. చాలామంది ఉక్కగా ఉందని మిట్టమధ్యాహ్నం కిటికీలు తీస్తారు. పొడి ఎండలు కాసే మా వైపు అది అసలు పనికిరాదు. సాయంత్రం ఏడు దాటాక, బయట చల్లబడిందని చేతికి తెలిశాకే తీయాలి.

కిటికీల్లో ముందు చూసుకోవాల్సింది పడమటి వైపుది. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది, కర్టెనే వేడెక్కి గదిని వేడి చేస్తుంది. అడ్డు బయట ఉండాలి. మేము బాల్కనీకి వెదురు చాప ఒకటి కట్టాం. పొద్దున చుట్టి పైకి కట్టేస్తాం, పన్నెండింటికి దింపుతాం. మూడు దాటాక దాని మీద చెంబుతో నీళ్లు చల్లితే వెదురు బద్దల సందుల్లోంచి వచ్చే గాలికి ఒక పచ్చివాసన ఉంటుంది. మా అత్తమ్మ కుర్చీ సరిగ్గా అక్కడికే జరుపుకుంటుంది. వట్టివేళ్ల తడికె దొరికితే ఇంకా మంచిది, కానీ ఈ మధ్య దాని ధర బాగా పెరిగింది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. తడి చాప, తడి దుప్పటి, ఎయిర్ కూలర్, ఇవన్నీ గాలి పొడిగా ఉన్నచోటే పనిచేస్తాయి. మీరు విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే అక్కడి ఉక్కపోతకు ఇవి ఇంకాస్త చెమ్మను కలుపుతాయి. అక్కడ ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడమే మేలు. కూలర్ వాడేవాళ్లు కూడా తలుపులన్నీ బిగించి వాడతారు. అలా చేస్తే అరగంటలో గదంతా చిత్తడిగా అయి ఒళ్లు జిగటగా ఉంటుంది. కూలర్ ఉన్న వైపు కాకుండా ఎదుటి వైపు ఒక కిటికీ జానెడు తెరిచి ఉంచాలి.

వంట విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఎనిమిదికల్లా పొయ్యి ఆరిపోవాలి. అన్నం, పప్పు, ఒక కూర, మిక్సీలో వేయాల్సిన పచ్చడి, అన్నీ అప్పటికే అయిపోతాయి. గ్యాస్ పొయ్యి వేడి ఒక ఎత్తు, కుక్కర్ కూత, మిక్సీ మోత ఇంకో ఎత్తు. ఎండకు తల వేడెక్కి ఉన్నప్పుడు ఆ చప్పుడు చెవిలో గుచ్చుకుంటుంది. ఈ కాలంలో పప్పు సాయంత్రానికే పులుస్తుంది కాబట్టి మధ్యాహ్నానికి సరిపడా మాత్రమే వండుతాం. రాత్రికి పెరుగన్నం, నంజుకోవడానికి కొత్తావకాయ, పచ్చి ఉల్లిపాయ. ఎవరూ ఇంకేం కావాలని అడగరు.

పన్నెండు నుంచి నాలుగు వరకు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. బట్టలు మడతపెట్టు, అల్మారా సర్దు, హోంవర్క్ చెయ్, ఏవీ లేవు. టీవీ పెట్టం. ఫోన్‌లో వీడియోలు చూసేవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. మొదట్లో పిల్లలు గింజుకున్నారు. అప్పుడు అత్తమ్మ వామనగుంటల పీట దింపింది. గుంటకు ఐదేసి చింతగింజలు పోసి, ఒక గుంటలోవి గుప్పిట్లోకి తీసుకుని, ఒక్కొక్కటీ వదులుకుంటూ పోతుంటే టక్, టక్ మని చెక్క మీద పడే ఆ చిన్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం వినిపించదు. నిద్రపోయేవాళ్లకు దాంతో ఇబ్బందే లేదు. పెద్దదానికి ఇప్పుడు ఎన్ని గింజలు ఎక్కడ పడతాయో ముందే లెక్క కట్టడం వచ్చేసింది, నానమ్మను కూడా ఓడిస్తోంది. పీట లేకపోతే నేల మీద సుద్దముక్కతో గీసి అష్టాచెమ్మా ఆడించండి. గవ్వలు దొరక్కపోతే చింతగింజల్ని ఒక వైపు తెల్లగా అరగదీస్తే చాలు.

నీళ్ల సంగతి. ఫ్రిజ్ ఉన్నా మేము కుండ పెడతాం. పిల్లలు ఊరికే ఫ్రిజ్ తలుపు తీయడం, బాటిల్ నింపలేదని గొడవ పడడం, ఇవన్నీ దాంతో సగానికి తగ్గాయి. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వాడాలి. సబ్బు ఎప్పుడూ పెట్టకూడదు, మట్టి ఆ సబ్బును పీల్చేస్తుంది. కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే సరిపోతుంది. కింద వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి తడిపి, దాని మీద కుండ పెట్టండి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. కుండ గోడల్లోంచి చెమ్మ ఊరి ఆవిరవుతూ పోతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి కాబట్టి గాలి ఆడే చోటే దాని స్థానం. అలమారలో పెడితే లాభం లేదు. కొన్నాళ్లకు నీళ్లలోని ఉప్పు పట్టి ఆ సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయి. అందుకే ప్రతి ఏడాదీ ఉగాది దాటాక కొత్తది కొంటాం. గుప్పెడు వట్టివేళ్లు కడిగి పల్చటి గుడ్డలో మూటకట్టి అందులో వేస్తే నీళ్ల రుచే మారిపోతుంది.

ఇక స్లాబు. పగలంతా తాగిన వేడిని అది వెంటనే వదలదు, కొన్ని గంటలు ఆగి రాత్రి కిందికి దింపుతుంది. పైవాటాలో రాత్రి తొమ్మిదింటికి కూడా ఫ్యాన్ కింద వేడిగాలి వచ్చేది ఇందుకే. ఎండలు ముదరకముందే, మార్చిలో, ఇంటి ఓనరును అడిగి స్లాబు పైన సున్నం వేయించండి. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేస్తారు. తెల్లటి రంగు ఎండను చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే. వానలకు పూత కొట్టుకుపోతుంది, మరుసటి ఏడాది మళ్లీ వేయించుకోవాలి. సాయంత్రం పైపు పెట్టి స్లాబు తడిపేవాళ్లు ఉన్నారు. నీళ్లకు కటకటలాడే ఊళ్లో నేను మాత్రం అలా చేయమని చెప్పను.

సాయంత్రం ఆరున్నరకు స్నానం, ఉతికి మెత్తబడ్డ నూలు బట్టలు. ట్యూబులైట్లు ఆర్పి హాల్లో ఒక మూలన చిన్న పసుపు బల్బు మాత్రం ఉంచుతాం. వెలుతురు తగ్గగానే మాటల జోరు కూడా తగ్గడం మా ఇంట్లో నేను రోజూ చూస్తున్నాను. మూర మల్లెపూలు కొంటే సగం జడలోకి, సగం గిన్నెడు నీళ్లలో మంచం పక్కకు. దోమలు లేని రోజు అందరం చాపలు తీసుకుని డాబా ఎక్కుతాం. కరెంటు పోయినా కంగారు లేకుండా తాటాకు విసనకర్రలు తలుపు వెనకే వేలాడుతుంటాయి.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఇంకో మాట. ఎండ 40 దాటిన రోజు వాళ్లకు ఫ్యాన్ ఒక్కటే సరిపోదు. మధ్యాహ్నం మెడకు, చేతులకు తడిగుడ్డతో తుడుస్తూ, దాహం వేసినా వేయకపోయినా ఉప్పేసిన పలచటి మజ్జిగ ఇస్తుండాలి. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలుంటే ఉప్పు ఎంతో డాక్టరును అడగండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా నీడకు చేర్చి తడుపుతూ 108కి ఫోన్ చేయండి.

మీకూ ఒక్క గదిలోనే ఏసీ ఉంటే, ఆ గదిని పగలు వాడకుండా రాత్రికి ఉంచండి. నేల మీద పరుపులు పరిచి అందరూ అక్కడే పడుకుంటే, 26లో పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పినా సరిపోతుంది. మా ఇంట్లో కథలన్నీ మా ఏసీ గదిలోనే చెప్పుకుంటాం. కథ చెప్పే వంతు వచ్చినవాళ్లకే తలుపు పక్క చోటు.